ఐదు సంతకాల లెక్క

వ్యవసాయ కళాశాలలో గణాంకశాస్త్రం చెప్పే నాకు, రిటైరవడానికి ముందటి ఏడాది మిర్చి కోతల రోజుల్లో, గుంటూరులో జడ్జీలకు శిక్షణ ఇమ్మని ఉత్తర్వు వచ్చింది. నిపుణులు కోర్టుకు తెచ్చే అంకెల్ని ఎలా తూచాలో నేర్పాలి. ఎదుటివాళ్లు చేతులు కట్టుకుని నిలబడడం అలవాటైన వాళ్లకు పాఠం ఎలా చెప్పాలో మాత్రం ఉత్తర్వులో లేదు.

అందరూ సీనియారిటీ ప్రకారం కూర్చున్నారు. మిరపకాయలు పళ్లెంలో పోసి, తాలు కాయలు, అంటే రంగు పోయి తెల్లబడ్డవి, నూటికి ఎన్ని ఉంటాయో అంచనా చెప్పమన్నాను. ముందు వరుసలోని జిల్లా జడ్జిగారు కళ్లజోడు సవరించుకుని పది అన్నారు. వెనకవాళ్లు పళ్లేన్ని చూశారో, ఆయన్ని చూశారో గాని, అంతా పది దగ్గరే ఆగారు. ఒకాయనైతే గౌరవపూర్వకంగా ఏకీభవిస్తున్నానన్నారు.

ఈసారి వేరే పళ్లెం పెట్టి, పేరు లేకుండా చీటీ మీద రాసిమ్మన్నాను. ఐదు నుంచి నలభై దాకా వచ్చాయి. ఒకరిని చూసి ఒకరు చెప్పే అభిప్రాయాలు ఎన్నయినా ఒక్కదాని కిందే లెక్క అని వివరించాను. హాల్లో మొదలైన నవ్వు, ముందు వరుస గుర్తొచ్చి సగంలో ఆగిపోయింది.

టీ విరామంలో జిల్లా జడ్జిగారు పక్కకు పిలిచారు. చీవాట్లు తప్పవనుకున్నాను.

"ఊరికే ఊహకి అడుగుతున్నానండీ మాస్టారూ," అన్నారు.

ఆ ఊహలో ప్రత్తిపాడు పక్కన ఒక ఊరు, కాపు రాని మిరప తోటలు, కల్తీ విత్తనాలు అంటగట్టారని దావా వేసిన రైతులు, అన్నీ ఉన్నాయి. తోటలు చూసిన ఐదుగురు శాస్త్రవేత్తల కమిటీ, తప్పు విత్తనానిది కాదు, వాతావరణానిదని నివేదిక ఇచ్చింది. ఐదుగురి మాట ముందు రైతుల మాట నిలుస్తుందా అని ఆయన ప్రశ్న. నివేదిక ఎవరు రాశారని అడిగాను. కమిటీ అధ్యక్షుడు రాశారు, మిగతా నలుగురు సంతకాలు పెట్టారు.

"అయితే ప్రస్తుతానికి మీ దగ్గరున్నది ఒక్కరి అభిప్రాయమేనండీ," అన్నాను.

ఆయన కమిటీ సభ్యుల్ని ఒక్కొక్కరినే బోనెక్కించి విచారించారని తర్వాత తెలిసింది. పక్క చేలోనే వేరే విత్తనం వేసిన తోట విరగకాసిందని, అది తాము చూశామని ఇద్దరు చెప్పారు. నివేదికలో ఎందుకు రాయలేదంటే, అధ్యక్షుడు తమకంటే సీనియర్ అన్నారు. రైతులు గెలిచారు.

పెద్దాయన మాటకు తలూపడం కోర్టువాళ్లకే ఉన్న జబ్బనుకుని ఆ రోజు హాల్లో నేను లోలోపల తెగ నవ్వుకున్నాను. తీరా చూస్తే, బోనులో నోరు విప్పిన ఆ ఇద్దరూ నా శిష్యులే. స్వతంత్ర పరిశీలన అంటే ఏమిటో వాళ్లు పరీక్షలో చక్కగా రాశారు, నేనూ మంచి మార్కులే వేశాను. తెలిసిన విషయం పైఅధికారిని దాటి బయటికి రావాలంటే మార్కులు చాలవు, బోనెక్కించేవాళ్లు ఒకరుండాలి.