రాని తారీకు వేసిన రాజీనామా

ఆ రోజుల్లో నాకు అంకెల మీద ఉన్నంత నమ్మకం మనుషుల మీద ఉండేది కాదు. మనిషి మాట మారుస్తాడు, అంకె మార్చదు అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఫోను తెరిస్తే చాలు, నిటారుగా పైకెక్కే గీత ఒకటి చూపించి, ‘మా కంప్యూటర్ రూలు గత ఐదేళ్లలో ఇంత సంపాదించింది, మీరు భోంచేస్తుంటే షేర్లు అదే కొంటుంది, అదే అమ్ముతుంది’ అంటూ దాన్ని అంటగట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ గీత ఎలా నిటారుగా నిలబడుతుందో నాకు తెలుసు. ఇరవై ఆరేళ్ల వయసులో, తెరుబలి అనే ఒరియా ఊళ్లో, అలాంటిది నేనే ఒకటి నిలబెట్టాను.

అప్పుడు నేను అక్కడి ఫ్యాక్టరీ స్టోర్స్‌లో గుమస్తాని. కంప్యూటర్లో ఫార్ములాలు రాయడం ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాను (ఈ సంగతి అడగనివాళ్లకు కూడా చెప్పేవాణ్ణి). ఒక షేరుకు నాలుగేళ్ల ధరలు దించుకుని, రోజుకో వరుస చొప్పున పొద్దుటి ధర, సాయంత్రం ధర పక్కపక్కన పెట్టాను. ఎప్పుడు కొనాలో, ఎప్పుడు అమ్మాలో రూలు రాసి, ఆ పాత ధరల మీద నడిపించి చూశాను. దీన్నే బ్యాక్‌టెస్ట్ అంటారు. మొదటిసారి నష్టం. రూలు మార్చాను. మళ్లీ నష్టం. పదమూడోసారి మార్చేసరికి, కొన్న రోజుల్లో వందకు తొంభై లాభమే. ముందటి పన్నెండూ చెరిపేశాను, పనికిరానివి దాచుకోవడం ఎందుకని.

మర్నాడే రాజీనామా రాశాను. జాగ్రత్తపరుణ్ణి కదా, ఈ నెల జీతం పోకుండా వచ్చే నెల ఒకటో తారీకు వేశాను. బొడొబాబు (పెద్ద గుమస్తాని అక్కడ అలాగే పిలిచేవాళ్లం, ఆయనదీ మాలాగే శ్రీకాకుళం వైపే) కళ్లజోడు పైకెత్తి చూశారు.

“ఈ తారీకు ఇంకా రానేదు కదా బాబూ.”

“వస్తుంది కదండీ.”

“వచ్చినప్పుడే అట్టుకురా. రాని తారీకు కాయితం నాను తీసుకోను.”

“ఒకటో తారీకు రాకుండా ఎక్కడికి పోతుందండీ?”

“అది వస్తాది. అప్పటికి నీ బుర్ర ఇలాగే ఉంటాదని నాకేటి తెలుసు?”

రోజంతా రగిలిపోయాను. నాలుగేళ్ల ధరల్ని దారికి తెచ్చినవాడికి తారీకుల పాఠమా. రేపు ఆ రోజు తారీకుతోనే ఇంకో కాగితం రాసి ఆయన బల్ల మీద పడేద్దామనుకుని ఇంటికి వెళ్లాను.

ఇంట్లో పద్మపూర్ నుంచి వచ్చిన మా మేనత్త ఉంది. సంతల్లో చింతపండు కొని అమ్మడం ఆవిడ పని. ఉద్యోగం మానేస్తున్నాననగానే ఆవిడ చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

“ఏటొచ్చిందిరా అల్లుడా నీకు?”

ఆవిడకు తెలిసిన సరుకులోనే చెబుదామని, నా రూలులోని మెలికలన్నీ విప్పి కాగితం మీద వేశాను. “చూడత్తా, కిలో పొద్దున్న నలభై, సాయంత్రం నలభై ఆరు. ఇలా పెరిగే రోజైతే నా కంప్యూటర్ పొద్దున్నే నలభైకి కొంటుంది. తగ్గే రోజైతే కొనదు.”

“సాయంత్రం నలభై ఆరవుతాదని పొద్దున్న దానికెవులు సెప్పేరు?”

“పక్క గడిలోనే ఉంది కదత్తా.”

“ఎప్పటికుంది?”

“సాయంత్రం మార్కెట్ మూశాకత్తా,” అన్నాను. అత్త పెరుగు కలుపుకుంటూ, “సంత లేచిపోయేక ధర సెప్పమంటే నానూ సెప్తాను. అలాగైతే ఈపాటికి మేడ కట్టేద్దును” అంది.

పదమూడు మార్పుల కింద ఎక్కడో నక్కిన ఆ తప్పు చింతపండులోకి దిగేదాకా నాకు కనబడలేదు. నిన్నటిదాకా తెలిసిన ధరలే చూడమని ఫార్ములా దిద్దాను. తొంభై కాస్తా యాభై దగ్గరికి జారింది. కమీషన్లు కూడా తీసేస్తే మిగిలింది నష్టం. అప్పుడొచ్చిన కోపం ఇంకా చల్లారలేదు. నష్టం వచ్చిన పన్నెండుసార్లూ లెక్కను అనుమానించినవాణ్ణి, లాభం వచ్చిన ఆ ఒక్కసారి మాత్రం అనుమానించలేదు. ఈ గీతల వ్యాపారులను నేనిప్పుడు అడిగేది రెండే ప్రశ్నలు: రూలు ఎన్నిసార్లు మార్చారు, కొన్న క్షణానికి మీకేం తెలుసు? ఒక్కడూ జవాబివ్వడు.

ఒకటో తారీకు వచ్చింది. హాజరు పట్టీలో సంతకం పెడుతుంటే బొడొబాబు కళ్లజోడు పైకెత్తారు. “బాబూ, తారీకు వచ్చింది. కాయితం ఏదీ?”

“ఇంట్లో మర్చిపోయానండి.”

“మంచిది. అక్కడే ఉండనీ.”

అక్కడే ఉంది. ఎప్పుడైనా బయటికి తీస్తే, ఆ ఇరవై ఆరేళ్ల కుర్రవాణ్ణి నాలుగు తిడదామనే మొదలుపెడతాను. రాని తారీకు కింద, అంత ధీమాగా, గీత గీసి మరీ పెట్టిన ఆ సంతకం చూసేసరికి నవ్వొచ్చి, మళ్లీ మడతపెట్టేస్తాను.