కిత్తోస్ గూబలు

కిత్తోస్‌కి ఏ బొమ్మ వెయ్యమని చెప్పినా గుడ్లగూబనే వేస్తాడు. ఏథెన్స్ కుమ్మరివాడలో ఈ జబ్బు సంగతి అందరికీ తెలుసు. మందే ఎవరికీ తెలియదు.

గూబ ఏథీనా అమ్మవారి పక్షి. నాణెం మీదా అదే, గుమ్మం మీదా అదే. అయినా దేనికైనా ఓ హద్దుండాలని దుకాణం యజమాని థ్రాసోన్ బాధ. సింహంతో పోరాడే హెరక్లీస్ కావాలన్నవాడికి సింహం తోలు కప్పుకున్న గూబ వెళ్ళింది. ఓ పెద్దాయన సమాధి దగ్గర పెట్టే నూనెకూజా మీదా గూబే కూర్చుంది.

"ఇదేమిట్రా?" అన్నాడు థ్రాసోన్.

"దాని కళ్ళు చూడండయ్యా, ఎంత దిగులో!"

"గూబ కళ్ళు ఎప్పుడూ అలాగే ఏడుస్తాయి కదరా!"

"అందుకే చావుకి నప్పింది."

ఇలా ఉండగా ఓడల ఆసామి దెక్సియోస్ కూతురి పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురి స్నానానికి నీళ్ళు మోసే పొడుగు కూజా కావాలన్నాడు. కాల్చడానికి ఆవంలో పెట్టకముందే వచ్చి బొమ్మ చూస్తానన్నాడు. ఆయన మెచ్చుకుంటే ఊళ్ళో పెద్దింటి పెళ్ళిళ్ళన్నీ థ్రాసోన్‌వే. నవ్విపోతే ముప్పై ఏళ్ళ పరువు మట్టిపాలు.

"దీని మీద ఒక్క ఈక కనిపించినా నీకూ నాకూ ఇక చెల్లు," అన్నాడు థ్రాసోన్.

దెక్సియోస్ వస్తానన్న రోజు పొద్దున్నే థ్రాసోన్ వచ్చి కూజా చూశాడు. దివిటీ పట్టుకున్న తల్లి, పిల్లనగ్రోవి ఊదే పిల్ల, మధ్యలో తల వంచుకున్న పెళ్ళికూతురు. ఆ సిగ్గు చూస్తుంటే తన పెళ్ళి గుర్తొచ్చింది. గూబ జాడ లేదు.

"ఒరేయ్, ఇంత పనితనం ఎక్కడ దాచావురా? రేపట్నుంచి గూబలు కట్టిపెట్టు. ఈ దుకాణంలో ఇంక ఒక్కటి కనబడకూడదు!"

కిత్తోస్ మొహం పాలిపోయింది. "అంత మాట అనకండయ్యా."

అంతలో మూలనుంచి ఓ గొంతు వినిపించింది. "ఇంకో రెండు కప్పులు అందించరా కిత్తోస్, ఇవాళ చెయ్యి బాగా ఆడుతోంది."

కిత్తోస్‌కి కుంచె పట్టడం నేర్పిన ముసలి ఒరియాస్ అతను. ఆవం వెచ్చదనానికి వచ్చి కునుకు తీస్తాడనే థ్రాసోన్ ఇన్నాళ్ళూ అనుకున్నాడు. దగ్గరికెళ్ళి చూశాడు. ముసలాయన కళ్ళు మసక. ముక్కు కప్పుకి ఆనించి, తడుముకుంటూ గూబ కళ్ళకి రెండు సున్నాలు చుట్టాడు. తర్వాత వణికే చేతిని దాని మానాన వదిలేశాడు. పడ్డ చుక్కలన్నీ ఈకలయ్యాయి. ఆ చేతికి ఇప్పుడు వచ్చే బొమ్మ గూబ ఒక్కటే.

"మరి నువ్వెందుకు వేస్తావురా అవే?" అని గుసగుసగా అడిగాడు థ్రాసోన్.

"ఆయన గూబలు నావాటిలో కలిసిపోవాలని. తెలిస్తే మీరు మాన్పించేస్తారు కదా."

"సమాధి కూజా?"

"అది పొరపాటున ఆయన చేతికందింది."

"సింహం తోలు?"

కిత్తోస్ తల గోక్కున్నాడు. "అది మాత్రం నా సరదా అయ్యా."

థ్రాసోన్‌కి కోపం రావాల్సింది, రాలేదు. పెళ్ళికూజా ఎత్తి ముసలాయన ముందు పెట్టాడు.

"గురువుగారూ, పెళ్ళికూతురి పాదాల దగ్గర కాస్త ఖాళీ ఉంది."

"అయ్యా, దెక్సియోస్‌గారు వచ్చే వేళ!" అన్నాడు కిత్తోస్.

"రానీరా."

దెక్సియోస్ వచ్చాడు. కూజా చుట్టూ తిరిగి, పాదాల దగ్గర ఆగిపోయాడు.

"ఇదేమిటి?"

"గూబ. మా దుకాణం ఆచారం," అన్నాడు థ్రాసోన్, మొహం చెదరకుండా.

దెక్సియోస్ వంగి చూశాడు.

"పెళ్ళికి ఒంటి గూబేమిటయ్యా? దీని జోడేదీ?"

ముసలాయన అప్పటికే కుంచె ముంచాడు.