మా బాబాయి కిల్టు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ కుచ్చిళ్ళున్న బట్ట అమ్మ పట్టుచీర అనుకునేరు. కాదు, మా బాబాయి కిల్టు. ఐర్లండు నడిమధ్యన అత్లోన్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్న ఒక కంపెనీలో ఇంజనీరు. నాన్న తమ్ముడు, మా బాబాయి, మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికి వచ్చి మాతోనే ఉండేవాడు. అప్పటికింకా పెళ్ళి కాలేదు. ఆ రోజుల్లో ఊరు మొత్తం మీద మూడే తెలుగు ఇళ్ళు. అందులో ఒక ఇంటి మగమనిషి మోకాళ్ళు బయటపెట్టి, కాషాయం రంగు లంగా లాంటిది చుట్టుకుని వీధిలో నడిస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. నాకప్పుడు పదకొండేళ్ళు. పదకొండేళ్ళ ఆడపిల్లకి ఉండేంత పరువు పట్టింపు జమీందార్లకి కూడా ఉండదు.

ఈ కిల్టు ఆయన ఒంటిమీదికి ఎలా వచ్చిందో చెప్పాలి. మా తాతయ్య ఊళ్ళో పెళ్ళిళ్ళకి సన్నాయి వాయించేవాడు. బాబాయి చిన్నతనంలో ఆయన పక్కన కూర్చుని శ్రుతి ఊదేవాడు. చదువుకుని, ఉద్యోగమొచ్చి, దేశం దాటాక అదంతా మరిచిపోయాననుకున్నాడట. ఒక ఆదివారం మా వీధి చివర హాలు ముందునుంచి వస్తుంటే లోపల బ్యాగ్‌పైపులు మోగుతున్నాయి. తిత్తిలోంచి తెంపు లేకుండా వచ్చే ఆ శ్రుతి చెవిన పడేసరికి కాళ్ళు కదల్లేదమ్మా అనేవాడు. లోపలికి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. రెండేళ్ళు తిరిగేసరికి ఆ ఊరి బ్యాండులో వాయించేవాడయ్యాడు. ఆ బ్యాండు వాళ్ళ దుస్తులే కాషాయం కిల్టు, పొడుగు మేజోళ్ళు.

కిల్టంటే దళసరి ఉన్ని బట్ట. నడుముకి చుట్టి పక్కన బకిల్స్ పెట్టుకోవాలి. ముందు సాపుగా ఉంటుంది, కుచ్చిళ్ళన్నీ వెనక. పంచె కట్టే ఇంట్లో పుట్టినవాడు కదా, మొదటిరోజు బాబాయి కుచ్చిళ్ళు ముందుకు పెట్టుకుని పెళ్ళికొడుకులాగా దర్జాగా హాలుకి వెళ్ళాడు. బ్యాండు పెద్దాయన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, తనే పట్టుకుని గిర్రున తిప్పి సరిచేశాడట. ఆ ముచ్చట బాబాయే ఇంటికొచ్చి చెప్పుకుని పడీ పడీ నవ్వాడు. కుచ్చిళ్ళు వెనక పెట్టుకుని తిరిగే మనుషుల్ని ఇక్కడే చూస్తున్నాను బాబూ అని అమ్మ బుగ్గలు నొక్కుకుంది. చలికి ఓర్చుకోలేవంటూ కింద పొట్టి థర్మల్ లాగు కూడా వేయించింది.

మార్చిలో ఐర్లండు వాళ్ళ పెద్దపండుగ, సెయింట్ పేట్రిక్ పండుగకి ఊరేగింపు. దానికి ముందు కొన్ని వారాలు కిల్టు వేసుకుని నడక అలవాటు చేసుకోమన్నాడు పెద్దాయన. గురువారాలు బాబాయికి పొద్దుటి షిఫ్టు. మధ్యాహ్నం ఇంటికొచ్చి, కిల్టు కట్టుకుని, నన్ను బడినించి తీసుకురావడానికి బయల్దేరేవాడు. ఊళ్ళో ఇంకే దారీ లేనట్టు మా బడి దారే దొరికింది ఈయనకి అని నేను లోలోపల కుతకుతలాడిపోయేదాన్ని.

వెక్కిరింపులకి కొదవేముంది! మనవాళ్ళూ తక్కువ తినలేదు. ఒక అంకుల్ మా ఇంటికి భోజనానికొచ్చి, ఏమోయ్, సన్యాసం పుచ్చుకున్నావా, లంగా కట్టావా, ముందది తేల్చు అన్నాడు. సన్యాసమైతే ఈ ఇస్త్రీ బాధ ఉండేది కాదండీ అన్నాడు బాబాయి, చాలా సీరియస్‌గా. కుచ్చిళ్ళకి ఇస్త్రీ ఎలా పెట్టాలో కూడా వివరంగా చెప్పడం మొదలెట్టాడు. పప్పు పూర్తయి చారు దాకా వచ్చినా ఆ ఇస్త్రీ పాఠం అవలేదు. ఆ అంకుల్ మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

వీధిలోనూ అదే పద్ధతి. షానన్ నది వంతెన మీద ముగ్గురు పెద్దబడి కుర్రాళ్ళు గోడకి చేరగిలబడి, స్కర్టు బాగుంది మేడం అని అరిచారు. నేను తల దించుకుని గబగబా నడిచాను. బాబాయి ఆగాడు. వెనక్కి తిరిగి వాళ్ళ దగ్గరికే వెళ్ళాడు. అయ్యో, కొట్టుకుంటారేమో, పోలీసులొస్తారేమో అని నేనూ వెనకే పరిగెత్తాను. ఆయన థాంక్స్ చెప్పి, దీన్ని స్కర్టనరు బాబూ అని మొదలుపెట్టి, ఎనిమిది గజాల బట్ట, ఇన్ని కుచ్చిళ్ళు, ఇంత బరువు అని అప్పజెప్పాడు. లోపలేం వేసుకున్నావని ఒకడు పళ్ళికిలించాడు. మా వదిన వేయించిన థర్మల్, చలి కదా అన్నాడు బాబాయి. ఆ ప్రశ్నలో ఉన్న మజా అంతా థర్మల్ అనే మాటతో చప్పబడిపోయింది. వాళ్ళలో ఎర్రజుట్టు పిల్లాడొకడు మాత్రం నిజంగానే, కుచ్చు ముడతపడకుండా ఎలా కూర్చుంటారని అడిగాడు. వాడికి బాబాయి గోడమీద కూర్చుని మరీ చూపించాడు.

ఇదంతా తాతయ్య దగ్గర నేర్చిందేనట. పెళ్ళిళ్ళలో తుంటరి పిల్లలు సన్నాయి మేళం ఎదురుగా కూర్చుని చింతకాయ కొరికేవాళ్ళట, వాయించేవాడికి నోరూరి స్వరం తప్పాలని. తాతయ్య పాట పూర్తిచేసి, వాళ్ళని దగ్గరికి పిలిచి, నాకూ ఓ ముక్క పెట్టండ్రా అనేవాడట. దాంతో వాళ్ళే పక్కన చేరి తాళం వేసేవాళ్ళట.

అలాగని అందరికీ జవాబిచ్చేవాడు కాదు. ఆ రోజే వంతెన దిగాక, తాగి ఉన్న మనిషొకడు మా దేశం పొమ్మని, ఇంకా రాయలేని మాటలేవో అన్నాడు. బాబాయి నన్ను గోడవైపుకి మార్చి, చెయ్యి పట్టుకుని, నడక వేగం పెంచకుండా తగ్గించకుండా రోడ్డు దాటించాడు. వాడికెందుకు చెప్పలేదు బాబాయ్ అని అడిగాను. వాడు ఏమీ అడగలేదుగా అమ్మడూ అన్నాడు. ఆయన చెయ్యి చల్లగా ఉంది.

ఇంటికెళ్ళే దారిలో పాల కోసం ఒక కొట్లో ఆగాం. బాబాయి లోపల ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళాడు. నేను గుమ్మం దగ్గరున్నాను. మా క్లాసు అమ్మాయిలిద్దరు అక్కడ చాక్లెట్లు కొంటున్నారు. ఒకమ్మాయి ఆయన్ని కిందనించి పైదాకా చూసి, ఆయన మీ మనిషేనా అని నన్ను ఇంగ్లీషులో అడిగింది. కాదు, మా ఇంట్లో ఒక గది అద్దెకి తీసుకున్నాడంతే అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! తల తిప్పితే బాబాయి పాల డబ్బాతో నా వెనకే ఉన్నాడు.

ఆయన నాకేసి చూడలేదు. డబ్బులిచ్చి, కొట్టువాడికి వాతావరణం గ్రాండ్‌గా ఉందని చెప్పి, నన్ను పిలవకుండా బయటికి వెళ్ళిపోయాడు. నేను కాసేపాగి బయల్దేరాను. ఇరవై అడుగుల ముందు ఆయన, వెనకాల నేను. అద్దెకున్న మనిషి ఎంత దూరంలో నడవాలో అంత దూరంలో ఇంటిదాకా నడిచాడు. ఆ అమ్మాయిలు చూస్తే నా అబద్ధం బయటపడకూడదని అలా నడుస్తున్నాడని సగం దారిలో గ్రహించాను. రోడ్డు దాటాల్సిన చోట మాత్రం ఆగి, బూటు తాడు సరిచేసుకుంటున్నట్టు వంగి, నేను దగ్గరికి వచ్చాక లేచాడు.

ఆ రాత్రి తిట్లకోసం ఎదురుచూశాను. బాబాయి అమ్మకి చెప్పలేదు, నాన్నకి చెప్పలేదు. నా కంచంలో ఎప్పటిలాగే అప్పడం విరిచి పెట్టాడు. ఒక్క దెబ్బ వేసి ఉంటే బావుండేది, తేలికపడేదాన్ని.

మరుసటి గురువారం బడి గేటు దగ్గర బాబాయి ప్యాంటు వేసుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో సంచి, అందులో మడతపెట్టిన కిల్టు. నిన్ను ఇంట్లో దింపి, హాల్లో మార్చుకుని, అటువైపు నడుస్తాలే అన్నాడు. ఎందుకన్నాను. నువ్వడిగావుగా అన్నాడు. నేనెప్పుడడిగాను? నేనేమీ అడగలేదన్నాను.

“అడిగావు అమ్మడూ, కొట్లో. నువ్వడిగింది నాకు వినపడింది,” అన్నాడు.

కోపం లేదు, నిష్ఠూరం లేదు. వంతెన మీద కుర్రాళ్ళ మాటని ప్రశ్నగా తీసుకున్నట్టే నా మాటనీ తీసుకున్నాడు. తాగుబోతు మాటల్లో దాన్ని కలపలేదు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. బడి గోడ పక్కనే, పిల్లలంతా చూస్తుండగానే వెక్కి వెక్కి ఏడ్చాను. పరువు సంగతి అప్పుడు గుర్తుకే రాలేదు. ఆ సంచి లాక్కుని, వేసుకోవాల్సిందే, వేసుకునే నడవాలి అన్నాను. ఎవరైనా అడిగితేనో అన్నాడు. నేను చెప్తాను అన్నాను.

హాలుకి వెళ్ళి కట్టుకొచ్చాడు. కుచ్చిళ్ళు సరిగ్గా వెనకే ఉన్నాయో లేదో నేనే చుట్టూ తిరిగి చూశాను. మళ్ళీ వెనక్కి, కొట్టు ముందునించి వంతెన దాకా, ఆయన చెయ్యి పట్టుకునే నడిచాను. ఆ అమ్మాయిలు ఎదురయ్యారు. మా నాన్న తమ్ముడు, పోయినవారం అబద్ధమాడాను అని చెప్పేశాను. ఒకమ్మాయి మొహం చిట్లించింది. రెండో అమ్మాయి, ఊడిపోదా అది అని అడిగింది. బకిల్స్ ఎక్కడుంటాయో, బట్ట ఎన్ని గజాలో, అన్నీ పూస గుచ్చినట్టు చెప్పాను. బాబాయి పక్కన చేతులు కట్టుకుని, నేనేదో సభలో మాట్లాడుతున్నట్టు బుద్ధిగా విన్నాడు.

ఇప్పుడు నాకు నలభై దగ్గర పడుతున్నాయి. బాబాయి ఇంకా ఆ బ్యాండులోనే వాయిస్తున్నాడు. బకిల్ రెండు రంధ్రాలు వదులు చేశాడంతే. నేను డబ్లిన్‌లో ఉంటున్నాను. పండగలప్పుడు ఆఫీసుకి చీరలో వెళ్తే బస్సులో మాటలు పడుతూనే ఉంటాయి. ముందు ఆ మాటలో ప్రశ్న ఉందేమోనని వింటాను. ఉంటే ఆగి చెప్తాను. లేకపోతే నా నడక నేను నడుస్తాను.

కిందటేడు మా అమ్మాయి పుట్టినరోజుకి చీర కట్టుకుని దాన్ని బడినించి తీసుకురావడానికి డబ్లిన్ శివార్లలోని చెర్రీవుడ్‌కి వెళ్ళాను. పన్నెండేళ్ళు నిండాయి దానికి. దూరంగా స్నేహితురాళ్ళని చూసి, అమ్మా, కొంచెం ముందు నడుస్తావా అని ఇంగ్లీషులో గొణిగింది. ముందు నడిచాను. లువాస్ ట్రామ్ స్టాపు దాకా ఇరవై అడుగుల ముందు, వెనక్కి తిరక్కుండా నడిచాను. పట్టాలు దాటేచోట వంగి చెప్పు సరిచేసుకున్నాను. ఇన్నేళ్ళూ ఆ రోజు తలుచుకుంటే నాకు కనపడేది బాబాయి వీపూ, నడకకి ఊగే ఆ కుచ్చిళ్ళూ. ఆయనకి ఆ దారంతా ఏం వినపడిందో మాత్రం ఆ సాయంత్రమే తెలిసింది. వెనకాల వస్తున్న పిల్ల అడుగుల చప్పుడు తప్ప ముందు నడిచే మనిషికి ఇంకేమీ వినపడదు.