తెల్లబొమ్మలో నాలుగో రంగు

గోడలకు రంగులు వేసే మేస్త్రిని అందరూ డేగకన్ను అనేవారు. పాత గోడ మీద పిడికెడు పెచ్చు ఊడితే, మిగతా గోడకు సరిపోయేలా రంగు కలిపి అతుకు వేసేవాడు. అది ఎక్కడ వేశాడో తర్వాత ఇంటివాళ్ళే వెతుక్కోవాలి. నలభై ఏళ్ళు అలాగే గడిచాయి. ఈమధ్య ఒక ఇంట్లో వేసిన అతుకు మాత్రం మొహం మీద మచ్చలా కొట్టొచ్చినట్టు కనిపించింది. ఆ రోజు నుంచి రంగులు కలపడం తనతో పనిచేసే తమ్ముడి చేతికి పోయింది, మేస్త్రికి గోడ గీకే ఉప్పుకాగితం మిగిలింది. పాపం, అన్నం ముందు కూర్చున్నా కళ్ళు నులుముకుంటూనే ఉన్నాడు.

ఈ వారం పని చిత్రాలు ప్రదర్శనకు పెట్టే బొమ్మల హాల్లో. గోడ గీకుతూ, అక్కడ తగిలించిన ఒక నిలువెత్తు బొమ్మ పక్కకు చేరాడు. చూస్తే ఉత్త తెలుపు. హాలు చూసుకునే ఆవిడ అటుగా పోతూ, "అందులో నాలుగు రంగులున్నాయి మేస్త్రీ, నిదానంగా చూడండి" అంది.

చూశాడు. తెలుపే. కళ్ళు పోయాయి, ఇక ఈ గీకుడే గతి అనుకున్నాడు.

అయినా గోడల మనిషి ఎదురుగా నిలబడి చూస్తే ఏం తెలుస్తుంది? అలవాటు కొద్దీ పక్కకు జరిగి, చెంప గోడకు ఆనించి, ఒక కన్ను మూసి కిటికీ వెలుగులో ఏటవాలుగా చూశాడు. పూత మీద పూత పడిన అంచులు కనిపించాయి. ఆ అంచులు పట్టుకుని మళ్ళీ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. అడుగున ఇసుక రంగు. దాని మీద గులాబి. ఆపైన ఆకుపచ్చ, బకెట్టు తెలుపులో ఒక్క చుక్క వేసినంత. ఇంత ఓపిగ్గా కలిపిన చెయ్యి ఎవరిదో గానీ, మేస్త్రికి ఆ మనిషి మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

"ఒరే, ఇలా రారా!"

తమ్ముడు వచ్చి చూసి పెదవి విరిచాడు. "ఏముందన్నయ్యా? ప్రైమర్ కొట్టి వదిలేసినట్టున్నారు."

మేస్త్రి వాడి మెడ పట్టుకుని గోడకు వంచాడు. ఒక్కో అంచూ చూపించాడు. "మూడు దొరికాయిరా. నాలుగోది ఎక్కడ నక్కిందో!"

"నీలమేగా? అదిగో, పైన!"

"నీలమా? ఎక్కడ?"

"నీ తల మీదుగా, జానెడు పట్టీ."

మేస్త్రి చూశాడు. చెంప ఆనించి చూశాడు. కన్ను మార్చి చూశాడు. అక్కడ తెలుపే ఉంది. అనవసరంగా నోరు జారానని తమ్ముడు తల దించుకున్నాడు.

మేస్త్రి గట్టిగా ఊపిరి వదిలాడు.

"అయితే పోయింది నీలం ఒక్కటేనట్రా!" అంటూ ఉప్పుకాగితం వాడి చేతిలో పెట్టాడు. "నీలం డబ్బా నువ్వు చూసుకో. మిగతా డబ్బాలు ఇలా తే."