రెండు వేల మూడు వందల ఓములు

నా చిన్నప్పుడు, తొమ్మిదో తరగతిలో, లెక్క ఇవ్వగానే అందరికన్నా ముందు జవాబు చెప్పేయడమే నాకున్న ఒకే ఒక్క గొప్ప. మాది పలాసకి తూర్పున ఉద్దానం కొబ్బరితోటల మధ్య ఊరు. బడిలో నా పక్కన కూర్చునే పిల్లది మా వీధే. ఆ వానాకాలంలోనే వాళ్ల నాన్న తోటలో తడిచేత్తో మోటారు స్టార్టరు ముట్టుకుని చనిపోయాడు. పెద్దకర్మ అయ్యాక ఆ పిల్ల బడికి వచ్చిన మొదటి రోజునే సైన్సు మాస్టారు కరెంటు పాఠం మొదలుపెట్టారు.

వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం వస్తుంది, రెండింటినీ గుణిస్తే పవరు వస్తుంది. పాఠం అంతే. మాస్టారు ఇస్త్రీపెట్టె మీద ఒక లెక్క ఇచ్చి, ఆ పిల్లను బోర్డు దగ్గరికి పిలిచారు. సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆయనకు కోపం వచ్చింది.

"మీ నాన్న లెక్కే ఇస్తాను. అదైనా బుర్రకెక్కుతుందేమో చూద్దాం," అని బోర్డు మీద రాశారు. రెండు వందల ముప్పై వోల్టులు. మనిషి ఒంట్లోంచి పోయిన కరెంటు పాయింటు ఒకటి ఆంపియరు. ఒంటి నిరోధం ఎంత? పవరు ఎంత?

నేను చెయ్యెత్తాను.

"రెండు వేల మూడు వందల ఓములు సార్! ఇరవై మూడు వాట్లు!"

మాస్టారు శెభాష్ అన్నారు. ఆ పిల్ల సుద్దముక్క బల్ల మీద పెట్టి, ఎవరినీ అడక్కుండా ఇంటికి వెళ్లిపోయింది.

సాయంత్రం మా నాయనమ్మ అరుగు మీద కూర్చుని చీపుళ్లకి కొబ్బరి ఈనెలు చీరుతోంది. మాస్టారు మెచ్చుకున్న సంగతి గొప్పగా చెప్పాను. ఆవిడకు చదువు రాదు. అంతా విని ఒక్కటే అడిగింది.

"ఎవులి లెక్కే అది?"

చెప్పాను. కత్తి పక్కన పెట్టి లేచింది. నా జబ్బ పట్టుకుని ఈడ్చుకుంటూ వాళ్లింటికి తీసుకెళ్లి, ఆ పిల్ల తల్లి ముందు నిలబెట్టింది.

"సెప్పు. నాకెలా సెప్పినావో అలాగే సెప్పు."

ఏడుస్తూ చెప్పాను. మధ్యలో ఆగితే నాయనమ్మ వీపు మీద చరిచింది. నేను సిగ్గుతో చితికిపోవాలన్నదే ఆవిడ ఉద్దేశం. కానీ ఆ తల్లి నన్ను తిట్టలేదు. బడిపిల్లలా శ్రద్ధగా వింది. వాట్లంటే ఏటని అడిగింది. తర్వాత తలెత్తి వసారాలో వెలుగుతున్న బల్బును చూసింది.

"మరి దానికెన్ని, గుంటా?"

"అరవై, పిన్నీ."

"అయితే మా ఆయన్ని సంపడానికి ఆ బలుబంత కరెంటైనా అక్కర్లేకపోనాదేటి?"

నా జబ్బ మీద నాయనమ్మ పట్టు సడలిపోయింది. లోపలి గుమ్మం దగ్గర ఆ పిల్ల నిలబడి ఉంది. అంతా వినేసింది. తిరిగొస్తూ దారిలో నాయనమ్మ "తప్పు సేసినాను" అంది. నాతో కాదు, తనలో తను. మళ్లీ ఆ పిల్ల బడికి రాలేదు. జీడిపప్పు కార్ఖానాలో తల్లితోపాటు పిక్కలు కొట్టే పనికి వెళ్లింది.

తర్వాత నేను టెక్కలిలో సైన్సు టీచరునై రిటైరయ్యేదాకా ఆ పాఠమే చెప్పాను. హీటర్లు, మోటార్లు, ఇస్త్రీపెట్టెలు ఎన్ని లెక్కలిచ్చినా మనిషి ఒంటి మీద మాత్రం ఒక్కటీ ఇవ్వలేదు. బోర్డు ముందు ఎవరైనా మాట రాక నిలబడితే, వెనకాల ఎత్తిన చేతులు దించమనేదాన్ని. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఇప్పటికీ కాగితం తీసుకుని ఆ లెక్క చేస్తుంటాను, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని. ఎప్పుడు చేసినా అంతే వస్తుంది.