మా ఇంటామె కొట్టని తలుపు

కారు తలుపు అద్దం వంకర పోవడానికి మా ఇంటామె కారణమని జగిత్యాల షెడ్డుల మెకానిక్ పదిమంది ముంగట అన్నడు. అది అబద్ధం.

"అమ్మ తలుపు ధన్న కొడ్తది బాపూ. గట్ల కొడ్తే అద్దం నిలుస్తదా?" అన్నడు. అక్కడున్నోళ్లు నవ్విండ్రు. ఆమె నవ్వలే. ఆ రోజు నుంచి తలుపును పాలగిన్నె మీద మూత పెట్టినట్టు పెట్టుడు మొదలుపెట్టింది. అట్ల పెడితే తలుపు పడదాయె. ఒకనాడు రాయికల్ దాటినంక తెరుచుకోబోయింది. ఇగ కారెక్కనంది. మోకాళ్ల నొప్పులతోని వేములవాడకు బస్సుల పోయింది.

నేను బడికి పోయినోణ్ని కాదు. కల్లుకు తాళ్లెక్కుకుంట, పొట్లాలు గట్టిన కాయితాలు చూసి అక్షరాలు కూడబలుక్కున్నోణ్ని. కానీ ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో మరువ. అద్దం ఎక్కే మోటరు ఆగిపోతే ఆ షెడ్డులనే కొత్తది ఏయించిన. అంతకుముందు ఏండ్లకేండ్లు ఆమె ఆ తలుపే ఏసింది, అద్దం సక్కగనే ఉండె. షెడ్డు నుంచి అచ్చినంకనే ఎనుక మూల ఏలెడు కిందికి దిగింది.

కారుతోని ఇచ్చిన పుస్తకం ముంగటేసుకుని తలుపు లోపలి అట్ట నేనే ఊడదీసిన. అద్దాన్ని పట్టుకున్న రెండు బోల్టులు కనవడ్డయి. వాటి తలల గుంత చుక్క లెక్క ఆరు మొనలతోని ఉంది. నా దగ్గరున్న బోల్టులిప్పే ఏ కీ అండ్ల కూసోలే. కోరుట్ల పోయి పానాల దుకాణంల అడిగితే, ఆయన ఆరు పలకల అలెన్ కీ చేతుల పెట్టిండు.

"అందరు ఇదే కొంటపోతరు. జర సుత్తెతోని కొడ్తే దిగుతది."

"కొట్టి దించేదాన్ని కీ అంటరా, మేకు అంటరా?" అన్న. ఆయన అటు మల్లి కూసున్నడు.

అప్పుడు మా బామ్మర్ది యాదికచ్చిండు. సిరిసిల్లల బట్ట నేసే సాంచాలు బాగుచేస్తడు, కొత్త రకం సాంచాలు కూడ. కారేసుకుని పోయి చూస్తే ఆయన సంచిల స్టార్ కీలు వరుసగ గుడ్డల చుట్టి ఉన్నయి. ఒక బోల్టుల కీ మెత్తగ దిగింది. రెండోదాంట్ల దిగలే. టార్చి కొట్టి చూసిండు.

"బావా, దీంట్ల ఎవడో అలెన్ కీ దిగ్గొట్టిండు. మొనలన్ని అరిగినయ్. ఇప్పిండు గని మల్ల బిగియ్యలేకపోయిండు."

"మీ అక్క తలుపు కొట్టిందంటున్నరు."

"అక్క కొట్టుడు నిజమే, మా ఇంటి దర్వాజలను అడుగు. కానీ గీ బోల్టును కొట్టింది ఆమె గాదు."

చెడిపోయిన బోల్టు పట్టకారుతోని తీసి వేరేది పెట్టిండు. ఇగ బిగిస్తె అయిపాయె అనుకున్న. ఆయన ఒప్పుకోలే. అద్దానికీ రబ్బరుకూ నడుమ నూలుపోగు పెట్టి, అద్దం పైకెక్కించి పోగు గుంజిండు. ముంగట బిగుతుగ అచ్చింది, ఎనుక ఊకనే జారింది. అద్దం జరుపుడు, గుంజుడు. రెండు దిక్కుల పోగు ఒక్కతీరుగ అచ్చేదాక బోల్టు బిగియ్యలే. బట్ట నేసే ఊర్ల బిగువు చేతికే తెలుస్తది.

తెల్లారి ఆమెను జగిత్యాలకు రమ్మన్న.

"పోనియ్యయ్యా, గా బోల్టుకోసం లొల్లేంది?"

"లొల్లి కాదు. అందరిముంగట అన్న మాట అందరిముంగట తీసుకోవాలె."

షెడ్డుల మస్తు మంది ఉన్నరు. అరిగిన బోల్టు మెకానిక్ చేతుల పెట్టి, ఏ కీతోని ఇప్పినవో నాకు కాదు, ఆమెకు చెప్పుమన్న. ఆయన బోల్టును ఇటు తిప్పి అటు తిప్పి చూసిండు. చేతులు తుడుసుకుని ఆమె ఉన్న కారు పక్కకు అచ్చి నిలవడ్డడు.

"తప్పు నాదే అమ్మా. ఆ కీ నా దగ్గర లేకుండె. లేదని చెప్తే బండి ఇంకో షెడ్డుకు పోతదని అలెన్ కీ దిగ్గొట్టిన, అద్దం వంగితే నీ మీద పెట్టిన."