కీ ఇచ్చే గడియారం

కీ ఇచ్చి నడిపే గడియారాన్ని, సొంతదారును ఒక్క మాటైనా అడగకుండా, బ్యాటరీ గడియారంగా మార్చేశారు. ఇది అన్యాయం. పైగా దానికి సేవ అని పేరు పెట్టారు.

ఆ అన్యాయం జరిగింది బొత్తాలమ్మకు. దర్జీ దుకాణాలకు కాజాలు తీసి, బొత్తాలు కుట్టి బతికే మనిషి ఆమె. అసలు పేరుతో పిలిచేది అక్క ఒక్కతే. ఆ అక్క పోయి రెండేళ్లయింది.

అక్క ఆసుపత్రిలో నర్సు. చేతికి గడియారం పెట్టుకోకూడని ఉద్యోగం కాబట్టి, ఈ చిన్న గడియారాన్ని పిన్నుతో గుండెల మీద తలకిందులుగా వేలాడదీసుకునేది. పొద్దున్నే ఆమె రెండు చేతులూ జడ అల్లుకోవడంలో ఉండగా, చెల్లెలు ఎదురుగా నిలబడి గడియారానికి కీ ఇచ్చేది.

"మెల్లిగా తిప్పవే, దాని పీక పిసికేస్తున్నావు!"

"నీ నోటికి కూడా ఒక కీ ఉంటే బాగుండును. ఇవ్వడం మానేసి హాయిగా ఉందును."

ఇద్దరే ఉన్న ఆ ఇంట్లో రోజు అలా మొదలయ్యేది. అక్క పోయాక గడియారం గోడ మేకుకు చేరింది. బొత్తాలమ్మ మాత్రం రోజూ దాని ఎదుట నిలబడి కీ ఇస్తూనే ఉంది. ఆ కాసేపూ ఎదురుగా మనిషి ఉన్నట్టే ఉండేది.

ఈమధ్య అది నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంటే, మరమ్మతు దుకాణంలో ఇచ్చింది. రసీదు మీద "శుభ్రం చేయుటకు" అని వాళ్లే రాశారు. తీసుకోవడానికి వెళ్లిన రోజున యజమాని మొహం చాటంత చేసుకుని అందించాడు.

"పిన్నిగారూ, మా మేస్త్రీ చేత లోపల కొత్త బ్యాటరీ మిషను వేయించాను. మీరని మంచి రకమే వేయించాను. ఇక కీ బాధ లేదు."

బొత్తాలమ్మ కీ తిప్పి చూసింది. అది ఉత్తినే జారింది. వేళ్లకు ఏ బిగువూ తగల్లేదు.

"కీ బాధని నేను నీతో చెప్పానా నాయనా?"

"అందరూ అదే కోరుకుంటారండీ."

"అందరి సంగతీ తెలుసుకున్నావు, నన్ను మాత్రం అడగలేదు. పాతది ఏదీ?"

"తుక్కు డబ్బాలో ఉంటుంది. దాన్నేం చేసుకుంటారు, కూరలో వేసుకుంటారా?"

"ఏం చేసుకుంటానో తర్వాత చెబుతాను. ముందు ఆ డబ్బా ఇటు పట్టుకురా."

డబ్బా నిండా విప్పేసిన పాత యంత్రాలే. బొత్తాలమ్మ ఒక్కొక్కటీ అరచేతిలో పెట్టుకుని చూసింది. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఇన్నేళ్లు దాన్ని నడిపించిన చెయ్యి, లోపల అది ఎలా ఉంటుందో ఎన్నడూ ఎరగదు. ఏది అక్కదో పోల్చుకోలేక, అన్నిటినీ డబ్బాలోనే వదిలి, గడియారం తీసుకుని ఇంటికి వచ్చింది.

మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ మేకు ఎదుట నిలబడింది. గడియారం చక్కగా నడుస్తోంది. ఆమెతో దానికి పనేమీ లేదు.

అయ్యా, దుకాణం యజమానిగారూ! విప్పిన చెయ్యి మీ మేస్త్రీది. ఏ యంత్రం ఏ గడియారంలోదో బొత్తాలమ్మకు తెలియకపోవచ్చు, అతనికి తెలిసి తీరాలి. ఆ డబ్బా తుక్కువాడి చేతికి పోకముందే అతన్ని కూర్చోబెట్టి వెతికించండి. దొరికినదాన్ని శుభ్రం చేసి, మళ్లీ అందులోనే బిగించండి. ఆగుతూ నడిచినా సరే, ఆమె గడియారం ఆమెకు ఇవ్వండి.